సముద్రంలో పోటుపాట్లు: చంద్రుడు ఊరి చెరువును ఎందుకు కదిలించడు?

1.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు
• పోటు, పాటు అంటే ఏమిటో, అవి ఏ వేళకు వస్తాయో చెప్పగలుగుతారు.
• చంద్రుడు, సూర్యుడు సముద్రపు నీటిని ఎలా కదిలిస్తారో వివరించగలుగుతారు.
• రోజుకు రెండు పోట్లు ఎందుకు వస్తాయో, చెరువుల్లో పోటు ఎందుకు కనబడదో కారణాలు చూపగలుగుతారు.
• అల, పోటు, ఉప్పెన, సునామీల మధ్య తేడాలను గుర్తించగలుగుతారు.
• తీరప్రాంత ప్రజల భద్రతకు పోటుపాట్ల లెక్క ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకుంటారు.

1.1 పరిచయం

'జీవితంలో ఆటుపోట్లు' అన్న మాట సముద్రం ముఖం చూడనివారి నోట కూడా వినిపిస్తుంది. అనంతగిరి, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి ఈ పాఠం చదువుతున్న మీలో చాలామంది పోటును కంటితో చూసి ఉండకపోవచ్చు. మీకు తెలిసిన నీళ్లు చెరువు నీళ్లు, సాగర్ ఎడమ కాలువ నీళ్లు, సూర్యాపేట జిల్లాకు దక్షిణపు హద్దుగా పారే కృష్ణా నది నీళ్లు. ఆ కృష్ణ మన జిల్లా దాటి, విజయవాడ దాటి, దివిసీమలో హంసలదీవి ప్రాంతంలో బంగాళాఖాతాన్ని చేరుతుంది. మన దగ్గర ఎప్పుడూ ఒకే దిక్కుకు పారే నది అక్కడ రోజుకు రెండుసార్లు ఎదురు నీటిని చూస్తుంది. సముద్రపు ఉప్పునీరు నదిలోకి ఎక్కి, కొన్ని గంటలకు మళ్లీ దిగిపోతుంది.

దీనికి కారణం చంద్రుడని చిన్నప్పుడే చదువుకున్నాం. అయితే ఆ జవాబు వెనుక మరో ప్రశ్న ఉంది. బందరు తీరం మీద వెలిగే చంద్రుడే అనంతగిరి చెరువుల మీదా వెలుగుతున్నాడు. చంద్రుడు నీటిని పైకి లాగేవాడే అయితే చెరువు నీరు కూడా రోజుకు రెండుసార్లు కట్ట వైపు పెరగాలి కదా! అలా జరగదని మనకు తెలుసు. ఎందుకు జరగదు? ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు తెలిస్తే పోటుపాట్ల శాస్త్రంలో సగానికి పైగా అర్థమైనట్టే. అందుకే ఈ పాఠాన్ని ఆ ప్రశ్న చుట్టూ అల్లుకుందాం.

1.2 తీరంలో కనిపించేది

సముద్ర మట్టం క్రమంగా పెరిగి గరిష్ఠ స్థాయికి చేరడాన్ని 'పోటు' అంటారు. అది క్రమంగా తగ్గి కనిష్ఠ స్థాయికి చేరడాన్ని 'పాటు' లేదా 'ఆటు' అంటారు. రెంటినీ కలిపి పోటుపాట్లు, ఆటుపోట్లు అని వాడుకలో పిలుస్తారు. భూగోళశాస్త్ర గ్రంథాల్లో 'వేలా తరంగాలు' అన్న మాట కూడా కనిపిస్తుంది.

ఒడ్డున నిలబడితే క్షణక్షణానికీ వచ్చి విరిగే అలలు వేరు, పోటు వేరు. అలను లేపేది గాలి. అల సెకన్లలో వచ్చి పోతుంది. పోటు గంటల తరబడి సాగే మార్పు. అలలన్నీ ఏ మట్టం మీద లేచి పడుతున్నాయో ఆ మట్టమే పెరగడం పోటు, ఆ మట్టమే తగ్గడం పాటు.

మన తీరంలో ఒక పోటుకూ తరువాతి పోటుకూ మధ్య సగటున 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. ఒక రేవులో ఇవాళ ఉదయం 6 గంటలకు పోటు గరిష్ఠంగా ఉందనుకోండి. మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో పాటు, సాయంత్రం 6 గంటల 25 నిమిషాలకు మళ్లీ పోటు, అర్ధరాత్రి దాటాక 12 గంటల 37 నిమిషాలకు మళ్లీ పాటు వస్తాయి. మర్నాడు ఉదయపు పోటు 6 గంటలకు కాక 6 గంటల 50 నిమిషాలకు వస్తుంది. అంటే పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున వెనక్కి జరుగుతుంది.

ఈ ఆలస్యానికి కారణం మన పంచాంగంలోనే ఉంది. సూర్య చంద్రుల మధ్య 12 డిగ్రీల దూరం పెరిగితే ఒక తిథి గడిచినట్టు. 30 తిథులకు 360 డిగ్రీలు పూర్తవుతాయి. భూమి తన చుట్టూ తాను ఒకసారి తిరిగి వచ్చేలోపు చంద్రుడు ఆకాశంలో 12 డిగ్రీలకు కొంచెం ఎక్కువగా ముందుకు జరిగిపోతాడు. ఆ దూరాన్ని అందుకోవడానికి భూమి మరికొంత తిరగాలి. ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు కనుక, 12 డిగ్రీలకు 48 నిమిషాలు. 'కొంచెం ఎక్కువ'ను కూడా కలిపితే సుమారు 50 నిమిషాలు. అందువల్లే ఒక రేవులో పౌర్ణమినాడు పోటు ఏ గంటకు వస్తుందో, అమావాస్యనాడూ దాదాపు అదే గంటకు వస్తుంది. తిథి తెలిసిన మత్స్యకారుడికి పోటు వేళ సుమారుగా తెలిసినట్టే.

1.3 చంద్రుడు చేసే పని

1.3.1 ఆకర్షణ కాదు, ఆకర్షణలో తేడా

1687లో ప్రచురించిన 'ప్రిన్సిపియా' గ్రంథంలో న్యూటన్ పోటుపాట్లకు కారణం గురుత్వాకర్షణేనని నిరూపించాడు. వస్తువు దగ్గరగా ఉంటే ఆకర్షణ ఎక్కువ, దూరంగా ఉంటే తక్కువ. చంద్రుడు మనకు సగటున 3,84,400 కి.మీ. దూరంలో ఉన్నాడు. ఇది సుమారు 30 భూవ్యాసాలకు సమానం. భూమిలో చంద్రుడికి ఎదురుగా ఉన్న వైపు, అవతలి వైపు కన్నా ఒక భూవ్యాసమంత దగ్గరగా ఉంటుంది. ఈ తేడా వల్ల ఎదుటి వైపు మీద చంద్రుడి ఆకర్షణ, అవతలి వైపు మీది కన్నా సుమారు 7 శాతం ఎక్కువ. పోటుకు మూలం ఈ 7 శాతం తేడాయే. మొత్తం ఆకర్షణ కాదు.

1.3.2 అవతలి వైపు కూడా పోటు ఎందుకు?

చంద్రుడు ఉన్న వైపు నీరు ఉబ్బడం సులభంగానే అర్థమవుతుంది. అవతలి వైపు కూడా అదే సమయంలో ఉబ్బడం చాలామంది విద్యార్థులకు చిక్కుముడిగా ఉంటుంది. దాన్ని ఒక ఉదాహరణతో విప్పుదాం.

కోదాడ నుంచి హైదరాబాదు వెళ్లే జాతీయ రహదారి మీద మూడు లారీలు ఒకదాని వెనుక ఒకటి పోతున్నాయి. ముందున్నది గంటకు 62 కి.మీ., నడుమ ఉన్నది 60 కి.మీ., వెనుక ఉన్నది 58 కి.మీ. వేగంతో నడుస్తున్నాయి. మూడూ హైదరాబాదు వైపే పోతున్నాయి. గంట గడిచాక నడిమి లారీ డ్రైవరు చూస్తే ముందు లారీ అతని నుంచి మరో 2 కి.మీ. ముందుకు, వెనుక లారీ మరో 2 కి.మీ. వెనక్కి జరిగి ఉంటాయి. వెనుక లారీని ఎవరూ వెనక్కి లాగలేదు. నడిమి లారీ అంత వేగంగా అది రాలేకపోయింది, అంతే.

ఇప్పుడు హైదరాబాదు స్థానంలో చంద్రుణ్ణి ఉంచండి. ముందు లారీ చంద్రుడికి ఎదురుగా ఉన్న సముద్రపు నీరు. నడిమి లారీ భూగోళం. వెనుక లారీ అవతలి వైపు నీరు. భూమి, చంద్రుడు తమ ఉమ్మడి ద్రవ్యరాశి కేంద్రం చుట్టూ తిరుగుతుంటాయి. ఇలా తిరగడమంటే భూమి కూడా నిరంతరం చంద్రుడి వైపు 'పడుతూ' ఉండడమే. పక్కకు కూడా చలనం ఉంది కాబట్టి ఢీకొట్టకుండా చుట్టూ తిరుగుతుంది. ఈ పడడంలో ఎదుటి నీరు భూకేంద్రం కన్నా కొంచెం ఎక్కువగా, అవతలి నీరు కొంచెం తక్కువగా లాగబడతాయి. భూమి మీద నిలబడి చూసే మనకు రెండు వైపులా నీరు భూమి నుంచి దూరం జరగజూస్తున్నట్టు కనిపిస్తుంది. అందువల్ల రెండు ఉబ్బులు ఏర్పడతాయి. భూమి తన చుట్టూ తాను తిరుగుతూ ఈ రెండు ఉబ్బుల కిందుగానూ సాగడం వల్ల రోజుకు రెండు పోట్లు వస్తాయని న్యూటన్ సిద్ధాంతం చెబుతుంది.

1.3.3 పైకి కాదు, పక్కకు

ఇక మన చెరువు ప్రశ్నకు వద్దాం. చంద్రుడి ఆకర్షణలోని ఈ తేడా ఎంత బలమైనది? భూమి గురుత్వాకర్షణలో దాదాపు కోటో వంతు మాత్రమే. 60 కిలోల మనిషి బరువులో అది 6 మిల్లీగ్రాములు. ఇంత స్వల్ప బలం నీటిని పైకెత్తి నిలబెట్టలేదు. కాబట్టి 'చంద్రుడు నీటిని పైకి లాగడం వల్ల పోటు వస్తుంది' అన్న వాక్యం సగం నిజమే.

అసలు పని పక్కకు లాగడంలో జరుగుతుంది. ఒక వడ్ల బస్తాను పైకెత్తాలంటే దాని బరువునంతా ఎదిరించాలి. అదే బస్తాను నిశ్చలమైన నీటి మీద తేలే పుట్టిలో ఉంచితే, పుట్టి అంచును వేలితో తోసినా అది మెల్లగా కదులుతుంది. కారణం, భూమి ఆకర్షణ కిందికే పనిచేస్తుంది. పక్కకు కదిలే వస్తువును అది అడ్డుకోదు. చంద్రుడు సరిగ్గా నడినెత్తిన ఉన్న చోట పక్కకు లాగే బలం సున్నా. అక్కడి నుంచి దూరం పోయేకొద్దీ అది పెరిగి, 45 డిగ్రీల దూరంలో గరిష్ఠమవుతుంది. వేల కిలోమీటర్ల మేర పరచుకున్న మహాసముద్రంలో ప్రతి నీటి భాగాన్నీ ఈ బలం కొద్దికొద్దిగా పక్కకు నెడుతుంది. నలుమూలల నుంచి జరిగివచ్చిన నీరు ఒకచోట పోగైతే అక్కడ మట్టం పెరుగుతుంది. నీరు తరలిపోయిన చోట మట్టం తగ్గుతుంది.

పోగవడానికి నీరు దూరం నుంచి రావాలి. చెరువుకు ఆ దూరం లేదు. పక్కకు లాగే బలం గరిష్ఠంగా ఉన్నప్పుడు కూడా, ఒక కిలోమీటరు వెడల్పున్న చెరువులో ఒక కట్టకూ మరో కట్టకూ మధ్య నీటి మట్టంలో వచ్చే తేడా మిల్లీమీటరులో పదో వంతుకన్నా తక్కువ. అది ఒక కాగితం మందం కూడా కాదు. నాగార్జునసాగర్ వంటి పెద్ద జలాశయాన్ని తీసుకుని 50 కి.మీ. నిడివికి లెక్క కట్టినా 4 మిల్లీమీటర్లే. గాలి ఒక ఊపు ఊపితే ఆ తేడా కనబడకుండా పోతుంది. చంద్రుడు ఊరి చెరువును విడిచిపెట్టలేదు. అక్కడా లాగుతూనే ఉన్నాడు. లాగిన నీరు పోగు కావడానికి అక్కడ చోటు లేదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ఒక రేవులో ఈ రోజు రాత్రి 9 గంటలకు పోటు గరిష్ఠంగా ఉంటే, రేపు రాత్రి సుమారు ఎన్ని గంటలకు ఉంటుంది?
2. చంద్రుడికి అవతలి వైపున పోటు రావడానికి కారణాన్ని మూడు వాక్యాల్లో రాయండి.

1.4 సూర్యుడి పాత్ర

సూర్యుడి ద్రవ్యరాశి చంద్రుడి ద్రవ్యరాశికి 2 కోట్ల 70 లక్షల రెట్లు. దూరం చంద్రుడికన్నా సుమారు 390 రెట్లు. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కనుక లెక్క వేస్తే, భూమి మీద సూర్యుడి ఆకర్షణ చంద్రుడి ఆకర్షణకు సుమారు 177 రెట్లు. అలాంటప్పుడు పోటును నడిపేది సూర్యుడు కావాలి కదా! కాదు. ఇక్కడా తేడానే చూడాలి.

చంద్రుడి ఆకర్షణను 100 పాళ్లు అనుకుందాం. భూమికి ఈ వైపుకూ ఆ వైపుకూ అందులో తేడా సుమారు 7 పాళ్లు. సూర్యుడి ఆకర్షణ 17,700 పాళ్లు అవుతుంది. అయితే సూర్యుడు 11,700 భూవ్యాసాలకు పైగా దూరంలో ఉన్నాడు. అంత దూరం నుంచి చూస్తే భూమి ఈ వైపు, ఆ వైపు దాదాపు ఒక్కటే. తేడా 0.017 శాతం మాత్రమే. 17,700లో 0.017 శాతం అంటే సుమారు 3 పాళ్లు. కాబట్టి పోటును కలిగించడంలో చంద్రుడి వంతు 7 అయితే సూర్యుడి వంతు 3. పోటును కలిగించే బలం దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుందని గ్రంథాల్లో చెప్పేది దీన్నే.

ఈ రెండు సంఖ్యలను గుర్తుంచుకుంటే మిగిలినది సులువు.

పర్వవేల: అమావాస్యనాడు, పౌర్ణమినాడు సూర్యుడు, భూమి, చంద్రుడు దాదాపు ఒకే వరుసలో ఉంటారు. అప్పుడు ఇద్దరి బలాలు కలుస్తాయి. 7, 3 కలిసి 10. పోటు బాగా పెరుగుతుంది, పాటు బాగా దిగుతుంది. పర్వదినాల్లో వచ్చేది కనుక దీనికి పర్వవేల అని పేరు.

లఘువేల: శుక్ల, కృష్ణ పక్షాల్లో అష్టమి ప్రాంతంలో సూర్య చంద్రులు భూమికి లంబ దిశల్లో ఉంటారు. ఒకరు పోగుచేసే చోట మరొకరు తగ్గిస్తారు. 7లో 3 పోగా మిగిలేది 4. పోటుకూ పాటుకూ మధ్య తేడా తక్కువగా ఉంటుంది.

10కీ 4కీ మధ్య నిష్పత్తి రెండున్నర. విశాఖపట్నంలో పోటుకూ పాటుకూ మధ్య ఎత్తు తేడా పర్వవేలలో సగటున సుమారు 1.4 మీటర్లు, లఘువేలలో సుమారు అర మీటరు. మన సాదా లెక్కకూ తీరంలోని కొలతకూ ఇంత దగ్గరి పొత్తు ఉండడం గమనించండి.

ఒక చిన్న సవరణ కూడా గుర్తుంచుకోవాలి. అత్యధికమైన పోటు సరిగ్గా అమావాస్య లేదా పౌర్ణమినాడే రాదు. చాలా తీరాల్లో ఒకటి రెండు రోజుల తరువాత వస్తుంది. సముద్రపు నీటికి బరువు, ఒరిపిడి ఉన్నాయి. బలం మారిన వెంటనే అంత పెద్ద జలరాశి తన ఊపును మార్చుకోలేదు. ఈ విషయం 1.6లో మళ్లీ మనకు అవసరమవుతుంది.

1.5 సిద్ధాంతానికీ తీరానికీ మధ్య

న్యూటన్ సిద్ధాంతం భూమి అంతా నీటితో కప్పి ఉన్నట్టు, నీరు బలాన్ని వెంటనే అనుసరిస్తున్నట్టు ఊహించింది. ఆ లెక్క ప్రకారం చంద్రుడి వల్ల వచ్చే మట్టపు తేడా అర మీటరుకు కొంచెం ఎక్కువ. కాని గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో తేడా 10 మీటర్ల దాకా ఉంటుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో 16 మీటర్లకు చేరుతుంది. ఒకే చంద్రుడు ఒకచోట అర మీటరు, మరొకచోట 16 మీటర్లు ఎలా కలిగిస్తున్నాడు?

జవాబు 18వ శతాబ్దంలో ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ ఇచ్చాడు. పోటు నిలిచిన ఉబ్బు కాదు, సముద్రంలో నడిచే అతి పొడవైన తరంగం అని ఆయన చూపాడు. మహాసముద్రాల సగటు లోతు సుమారు 3,700 మీటర్లు. అంత లోతులో అలాంటి తరంగం గంటకు సుమారు 700 కి.మీ. వేగంతో నడుస్తుంది. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు 1,670 కి.మీ. వేగంతో తిరుగుతోంది. అంటే చంద్రుడి కిందుగా ఉబ్బు పరుగెత్తాలన్నా అంత వేగం నీటికి లేదు. పైగా ఖండాలు దారికి అడ్డంగా ఉన్నాయి. అందువల్ల ఒక్కో సముద్ర భాగం తొట్టిలోని నీటిలా తన ఆకారాన్ని, లోతును బట్టి ఊగుతుంది. చంద్రుడు, సూర్యుడు ఆ ఊపుకు తాళం వేస్తారు.

ఉయ్యాలను చూడండి. దాని సహజమైన ఊపుకు సరిగ్గా సరిపోయే సమయంలో తోస్తే చిన్న తోపుకే పెద్ద ఊపు వస్తుంది. ఫండీ అఖాతపు సహజమైన ఊపు కాలం 12 గంటల 25 నిమిషాలకు దగ్గరగా ఉండడమే అక్కడి భారీ పోట్లకు ప్రధాన కారణం. తీరం గరాటులా ఇరుకవుతూ, లోతు తగ్గుతూ పోయే చోట కూడా లోపలికి వచ్చిన నీరు పక్కలకు పోలేక పైకి లేస్తుంది.

బంగాళాఖాతం పోటు ఎక్కువ భాగం అక్కడే పుట్టినది కాదు. దక్షిణాన ఉన్న హిందూ మహాసముద్రం నుంచి తరంగంగా లోపలికి వస్తుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఆఖాతం ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది. అందుకే పర్వవేలలో చెన్నై దగ్గర తేడా సుమారు ఒక మీటరు ఉంటే, విశాఖపట్నంలో 1.4 మీటర్లు, ఒడిశాలోని పారాదీప్‌లో సుమారు 2 మీటర్లు, హుగ్లీ నదీముఖంలోని సాగర్ ద్వీపం దగ్గర 4 మీటర్లకు పైగా ఉంటుంది. మన ఆంధ్ర తీరం ఈ వరుసలో మధ్యస్థంగా ఉంది.

ఎత్తు తేడా ఒక్కటే చూస్తే చాలదు. నేల వాలును కూడా చూడాలి. ఒడిశాలోని చాందీపూర్‌లో నేల దాదాపు చదునుగా ఉండడం వల్ల పాటు సమయంలో సముద్రం కిలోమీటర్ల దూరం వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లోనూ నేల పల్లమే. అందుకే మీటరు, మీటరున్నర పోటు అక్కడి వాగులలో, మడ అడవులలో, కొల్లేరును సముద్రంతో కలిపే ఉప్పుటేరులో చాలా దూరం లోపలికి తెలుస్తుంది. వానాకాలంలో పొలాల మురుగునీరు సముద్రంలోకి దిగాలన్నా పాటు వేళ కోసం ఆగవలసి వస్తుంది. పోటు వేళ మురుగు కాలువ ముఖం దగ్గర నీరు ఎదురు నిలుస్తుంది.

1.6 పోటు, ఉప్పెన: రెండు తేదీలు చెప్పే పాఠం

పాత ఇంగ్లీషు రికార్డులు తుఫానులో సముద్రం ఊళ్ల మీదికి రావడాన్ని 'పోటు అల' అనే అర్థం వచ్చే మాటతో పిలిచాయి. తెలుగులో దానికి ప్రత్యేకంగా 'ఉప్పెన' అనే పేరుంది. మన మాటే శాస్త్రానికి దగ్గరగా ఉంది. నాలుగింటి తేడాను ఇలా గుర్తుంచుకోండి.

• అల: గాలి వల్ల పుడుతుంది. సెకన్లలో వచ్చి పోతుంది.
• పోటు: చంద్రుడు, సూర్యుడి వల్ల వస్తుంది. గంటల పాటు సాగుతుంది. ఏళ్ల ముందే లెక్క కట్టవచ్చు.
• ఉప్పెన: తుఫాను గాలి సముద్రాన్ని తీరం వైపు నెట్టడం వల్ల వస్తుంది. తుఫాను కేంద్రంలో వాయుపీడనం తగ్గడం కూడా కొంత తోడ్పడుతుంది. పీడనం ఒక మిల్లీబారు తగ్గితే మట్టం సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువైతే ఉప్పెన మరింత ఎత్తుకు లేస్తుంది.
• సునామీ: సముద్రం అడుగున భూకంపం వంటి కదలికల వల్ల పుడుతుంది. 2004 డిసెంబరు 26న మన తీరాన్ని తాకినది ఇదే.

పోటుకూ ఉప్పెనకూ కారణాలు వేరైనా, ఒడ్డున ఉన్న మనిషికి అవి విడివిడిగా రావు. ఆ గంటకు సముద్రం ఎంత ఎత్తులో ఉందన్నదే అతని ప్రాణానికి సంబంధించిన విషయం. ఆ ఎత్తు పోటు, ఉప్పెన, పైన లేచే అలలు కలిసిన మొత్తం.

కృష్ణా డెల్టా చరిత్రలో రెండు ఘోరమైన ఉప్పెనలను తీసుకుందాం. మొదటిది 1864 నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచింది. సుమారు 30 వేల మంది మరణించారు. రెండవది 1977 నవంబరు 19న దివిసీమను ముంచింది. 10 వేల మందికి పైగా మరణించారు. సుమారు 5 మీటర్ల ఎత్తున నీరు వచ్చింది.

ఇప్పుడు చంద్రుడి స్థితిని చూద్దాం. 1864 అక్టోబరు 30న అమావాస్య. మచిలీపట్నం ఉప్పెన ఆ తరువాత రెండో రోజున వచ్చింది. పర్వవేల అమావాస్య దాటిన ఒకటి రెండు రోజులకు గరిష్ఠమవుతుందని 1.4లో చదివాం. అంటే అది పర్వవేల బలంగా ఉన్న రోజు. 1977లో అమావాస్య నవంబరు 11న వచ్చింది. దివిసీమ ఉప్పెన నాటికి ఎనిమిది రోజులు గడిచాయి. అంటే అది శుక్ల పక్షపు అష్టమి దాటిన, లఘువేల ప్రాంతపు రోజు. చంద్రుడు, సూర్యుడు ఒకరి బలాన్ని ఒకరు తగ్గించుకుంటున్న సమయం.

ఈ పోలిక నుంచి రెండు సంగతులు నేర్చుకోవాలి. మొదటిది, ఉప్పెన రావడానికి అమావాస్య, పౌర్ణమి కారణం కావు. లఘువేల రోజుల్లోనూ దివిసీమ మునిగింది. 'ఇవాళ పున్నమి కాదు, సముద్రం రాదు' అనుకోవడం ప్రాణాంతకం. రెండవది, ఉప్పెన ఎత్తు ఎంతైనా పోటు దానికి కలుస్తుంది లేదా దాన్నుంచి తీసివేస్తుంది. పర్వవేల రోజున ఒకే ఉప్పెన పాటు గంటకు రావడానికీ, పోటు గంటకు రావడానికీ మధ్య మన తీరంలో మీటరుకు పైగా తేడా ఉంటుంది. చదునైన డెల్టాలో మీటరు ఎత్తంటే కిలోమీటర్ల నేల, కొన్ని ఊళ్లు. అందుకే తుఫాను ఎక్కడ తీరం దాటుతుందన్నదే కాక, ఏ గంటకు దాటుతుందన్నది కూడా హెచ్చరికలో ముఖ్యమవుతుంది. తుఫాను తీరం దాటే గంటను ముందుగా కచ్చితంగా చెప్పడం కష్టం. పోటు గంటను మాత్రం ఏళ్ల ముందే చెప్పవచ్చు. తెలిసిన దానిని వాడుకుని తెలియని దానికి సిద్ధపడడమే ఇక్కడ శాస్త్రం చేసే మేలు.

1.7 లోతట్టు ప్రాంతాలకు పోటుతో ఉన్న సంబంధం

సముద్రానికి దూరంగా ఉన్న మన జీవితాల్లోనూ పోటుపాట్ల లెక్క ఉంది. మిర్యాలగూడ వంటి రైల్వే స్టేషన్లలో పసుపు బోర్డు మీద సముద్ర మట్టం నుంచి ఎత్తు రాసి ఉండడం మీరు చూసే ఉంటారు. సముద్రం నిమిషం నిమిషానికీ మారుతుంటే ఏ మట్టం నుంచి కొలిచినట్టు? అందుకోసం రేవుల్లో పోటు కొలమానాలు పెట్టి, ఏళ్ల తరబడి పోటునూ పాటునూ నమోదు చేసి, వాటి సగటు తీశారు. దాన్నే 'సగటు సముద్ర మట్టం' అంటారు. భారత సర్వే శాఖ 1909లో దేశమంతటి ఎత్తుల కొలతలను సరిచేసినప్పుడు తొమ్మిది రేవుల సగటు మట్టాలను ఆధారంగా తీసుకుంది. కరాచీ, బొంబాయి, మద్రాసులతో పాటు విశాఖపట్నం కూడా వాటిలో ఒకటి. కాలువకు వాలు ఇవ్వాలన్నా, జలాశయానికి పూర్తి నీటిమట్టం నిర్ణయించాలన్నా, మొదలయ్యేది ఆ సగటు నుంచే.

పోటు వేళలను ముందుగానే గణించి ఏటా పట్టికలుగా ప్రచురించే పని కూడా సర్వే శాఖదే. గణన పద్ధతి సూత్రప్రాయంగా సులభం. ఒక రేవులో పోటును చంద్రుడి ఊపు, సూర్యుడి ఊపు, చంద్రుడు దగ్గరై దూరమయ్యే ఊపు ఇలా అనేక చిన్న ఊపుల మొత్తంగా విడదీస్తారు. ప్రతి ఊపు కాలం ఖగోళ గణితం వల్ల తెలుసు. ఎత్తును మాత్రం ఆ రేవు రికార్డుల నుంచి తీసుకుంటారు. తరువాత వాటన్నిటినీ కలిపితే రాబోయే ఏ రోజుకైనా పోటు వేళ, ఎత్తు తెలుస్తాయి. 1870లలో లార్డ్ కెల్విన్ ఈ కూడికను చేసే యంత్రాన్నే తయారు చేయించాడు. ఇప్పుడు కంప్యూటర్లు ఆ పని చేస్తున్నాయి.

హైదరాబాదులో ఉన్న భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం 1999లో ఏర్పడింది. ఇన్‌కాయిస్ అనే పొట్టి పేరుతో ఇది ప్రసిద్ధం. మత్స్యకారులకు సముద్ర పరిస్థితుల సమాచారం, ఉప్పెన ముందస్తు అంచనాలు ఇస్తుంది. 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం కూడా అక్కడే పనిచేస్తోంది. సముద్రం లేని తెలంగాణ రాజధాని నుంచి దేశపు తీరమంతటికీ హెచ్చరిక వెళుతోందన్నమాట.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
3. సూర్యుడి ఆకర్షణ ఎక్కువైనా పోటు మీద అతని ప్రభావం చంద్రుడికన్నా తక్కువ. ఎందుకు?
4. 1864, 1977 ఉప్పెనలు వచ్చిన రోజుల్లో పోటు పరిస్థితి ఎలా భిన్నంగా ఉంది?

1.8 సారాంశం

పోటు అంటే సముద్ర మట్టం పెరగడం, పాటు అంటే తగ్గడం. భూమి మీద వేర్వేరు చోట్ల చంద్రుడి ఆకర్షణలో ఉండే తేడా వీటికి ప్రధాన కారణం, సూర్యుడు తోడు కారణం. ఈ బలం నీటిని పైకి ఎత్తదు, పక్కకు జరిపి పోగుచేస్తుంది. పోగవడానికి వేల కిలోమీటర్ల దూరం కావాలి కనుక చెరువుల్లో పోటు కనిపించదు. అమావాస్య, పౌర్ణముల ప్రాంతంలో పర్వవేల, అష్టమి ప్రాంతంలో లఘువేల వస్తాయి. తీరం ఆకారం, సముద్రపు లోతు పోటు ఎత్తును నిర్ణయిస్తాయి. ఉప్పెన పోటు వల్ల పుట్టదు. కాని పోటు గంటకు వచ్చే ఉప్పెన మరింత ఎత్తుకు చేరుతుంది. పోటును ముందే లెక్క కట్టవచ్చు కాబట్టి ఆ లెక్క తీరప్రాంత రక్షణలో ఒక ఆయుధం.

1.9 ముఖ్య పదాలు

పర్వవేల: అమావాస్య, పౌర్ణముల ప్రాంతంలో వచ్చే పెద్ద పోటుపాట్లు.
లఘువేల: అష్టమి ప్రాంతంలో వచ్చే చిన్న పోటుపాట్లు.
ఉప్పెన: తుఫాను వల్ల సముద్రం తీరం మీదికి పొంగడం.
సగటు సముద్ర మట్టం: పోటుపాట్లను ఏళ్ల తరబడి కొలిచి తీసిన సగటు మట్టం.

1.10 సమాధాన సూచనలు

1. రాత్రి సుమారు 9 గంటల 50 నిమిషాలకు. 2. చూడండి 1.3.2. భూకేంద్రం కన్నా అవతలి నీరు తక్కువగా లాగబడుతుందన్న అంశం తప్పనిసరిగా రాయాలి. 3. చూడండి 1.4. 7 పాళ్లు, 3 పాళ్ల లెక్కను చూపండి. 4. చూడండి 1.6.

1.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. పోటుపాట్లు ఏర్పడే విధానాన్ని వివరించి, న్యూటన్, లాప్లాస్ వివరణల మధ్య తేడాను తెలపండి.
2. పోటుకూ ఉప్పెనకూ ఉన్న సంబంధాన్ని కృష్ణా డెల్టా ఉదాహరణలతో చర్చించండి.

ఆ) సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. మీ ఊరి చెరువులో పోటు కనబడకపోవడానికి కారణమేమిటి?
2. బంగాళాఖాతంలో ఉత్తరానికి పోయేకొద్దీ పోటు ఎందుకు పెరుగుతుంది?
3. పోటు వేళ రోజురోజుకూ ఎందుకు ఆలస్యమవుతుంది?

ఇ) చేసి చూడండి
ఒక పంచాంగం, విశాఖపట్నం పోటు వేళల పట్టిక దగ్గర పెట్టుకుని, ఒక నెలలో పోటు అత్యధికంగా ఉన్న రోజులను, అత్యల్పంగా ఉన్న రోజులను గుర్తించి, ఆ రోజుల తిథులను పక్కన రాయండి. అమావాస్య, పౌర్ణమి తరువాత ఎన్ని రోజులకు గరిష్ఠ పోటు వచ్చిందో మీరే లెక్కించి, ఈ పాఠంలో చదివిన దానితో పోల్చుకోండి.